శరదృతువులో రైతుబజారు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నేను సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగింతునని మీరు తలంచి యుందురు. నేను కూరగాయలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. దసరా సెలవులలో ఢిల్లీనుండి స్వస్థలములకు పోయి వచ్చువారమగుటచే ఈ విషయము మనకు పరాయిది కాదు.

గత సంవత్సరము ఆశ్వయుజమున హైదరాబాదునకు, మా అత్తవారింటికి, వెళ్లితిని. అవి బతుకమ్మ పండుగ దినములు. ఒకనాటి ఉదయమున మా అమ్మాయిని వెంటబెట్టుకొని మెహదీపట్నము రైతుబజారునకు పోయితిని. వానలు వెనుకపట్టినవి, ఎండ తెల్లగా కాయుచుండెను. ద్వారము వెలుపల తంగేడు, గునుగు, బంతి పూలు రాసులుగా పోసి యున్నవి. ప్రక్కనే గంపలలో సీతాఫలములు. లోపల చేవెళ్ల, శంకరపల్లి ప్రాంతములనుండి వచ్చిన బీర, బెండ, వంకాయలు, తడియారని ఆకుకూరలు. ఢిల్లీలో పుట్టి పెరిగిన మా అమ్మాయి, గోంగూరకును చుక్కకూరకును భేదమేమని అడిగినది. నాకు కొంచెము సిగ్గు కలిగినది.

ఈ రైతుబజార్లు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1999 జనవరి 26వ తేదీన ప్రారంభమైనవి. అంతకు పూర్వమే, 1987లో, పంజాబు రాష్ట్రము ‘అప్నీ మండీ’ల నేర్పరచెను. 1999 నవంబరులో మదురైలో ‘ఉళవర్ సందై’ వెలసెను. పద్ధతి సులభమైనది. రైతునకు గుర్తింపు కార్డు నిత్తురు. దళారి యుండడు. టోకు ధరకంటె హెచ్చుగను, బయటి చిల్లర ధరకంటె తక్కువగను ఏనాటి ధర ఆనాడు నిర్ణయించి పలకపై వ్రాయుదురు. ఇటు పండించువానికిని, అటు వండుకొనువానికిని కొంత మిగులును.

ఇంత తెలిసియు నేనొక పొరపాటు చేసితిని. వృద్ధురాలొకతె వద్ద బీరకాయలు తూయించి, అలవాటు చొప్పున “రెండు రూపాయలు తగ్గించమ్మా” అంటిని. ఆమె కోపగించలేదు. “బోర్డు మీద రాసున్నది గద సారూ! పొద్దుగాల మూడు గంటలకు లేసి వచ్చిన” అని మాత్రమే పలికినది. మా అమ్మాయి నా మొగము వంక చూచినది.

ఆ క్షణమున మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. నా బాల్యమున ఆయన వంకాయల బస్తాలను పట్టణపు మార్కెట్టునకు తీసికొని పోవుచుండెడివారు. కమీషను, హమాలీ, తరుగు పోను పట్టీలో మిగిలినది ఒక్కొక్కప్పుడు బస్సు చార్జీలకే సరిపోయెడిది. ఆ పట్టీని మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, మాతో ఏమియు చెప్పక, స్నానమునకు పోయెడివారు. ఆ వంకాయల సొమ్ముతోనే నేను బి.ఏ. చదివితిని. నేడు ‘వినియోగదారుని రూపాయిలో ఉత్పత్తిదారుని వాటా’ యని ఫైళ్లలో వ్రాయుచున్నాను. ఆ వాటాలోనుండియే నేనానాడు రెండు రూపాయలు కోయబోయితిని!

శరదృతువు రైతునకు పరీక్షాకాలము. ఉల్లిపాయనే తీసికొనుడు. వేసవిలో నిలువచేసిన రబీ ఉల్లి ఈ నాటికి తరిగిపోవును. కర్నూలు ప్రాంతపు ఖరీఫ్ ఉల్లి అప్పుడే వచ్చుచుండును గాని అది నిలువ యుండదు. కోతవేళ వాన పడినచో సరకు కుళ్లి ధర పెరుగును. వాన పడక సరకంతయు ఒక్కమారు వచ్చినచో ధర పడిపోవును. ధర పెరిగిననాడు మనము పడు బాధ పత్రికల కెక్కును; పడిపోయిననాడు రైతు పడు బాధ పొలముననే యుండిపోవును.

రైతుబజారు సర్వరోగ నివారిణి యని నేననను. దూర గ్రామములవారు అచటికి రాలేరు. రైతుల పేర వ్యాపారులు చొరబడుదురను ఫిర్యాదులు లేకపోలేదు. అయినను పండించిన చేయియు, కొనెడి చేయియు ఎదురెదురుగా కలియు చోట్లు మన దేశములో ఎన్ని గలవు?

కావున నాదొక విన్నపము. ఈ దసరాకు ఊరికి పోయినప్పుడు పిల్లలను ఒక్క ఉదయము రైతుబజారునకు తీసికొని పొండు. కూరల పేర్లు తెలుగులో చెప్పుడు. పలకపై ధర చదివించి, అంతయు వారి చేతనే ఇప్పింపుడు. నేను ఆ బీరకాయలకు పూర్తి వెల చెల్లించితిని. ఆమె రెండు కాయలు కొసరు వేసి, “బిడ్డకు వండి పెట్టు సారూ” అనినది.