పసిబిడ్డ మాటకు విలువ
(పెన్షనర్ల దినోత్సవ సభలో, చోడవరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కలుసుకుంటాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ఎవరి దయాధర్మమూ కాదు, మన హక్కు అని తీర్పు చెప్పింది. డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శి గారు చెబుతారు. కోర్టు గుమాస్తాగా పనిచేసిన వాణ్ణి గనుక నన్ను ఏదైనా చట్టం గురించి చెప్పమన్నారు. మన మనవలకు, మనవరాళ్లకు రక్షణగా ఉన్న పోక్సో చట్టం గురించి మనవి చేస్తాను. వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది వల్లనే ఇన్నాళ్లూ మన ఇళ్లలో ఈ మాట ఎవరూ ఎత్తలేదు.

ముందు ఒక పాత సంగతి. ఏ ఊరో, ఏ కోర్టో చెప్పను. 1988 ప్రాంతం. ఎనిమిదేళ్ల గుంట సాక్ష్యానికి వచ్చింది. బోనులో నిలబడితే తల మాత్రమే కనబడేది. ఇటువంటి కేసులు తలుపులు మూసి విచారించాలని 1983లోనే చట్టం వచ్చింది. అయినా గుమ్మం దగ్గర నలుగురూ చెవులు పెట్టుకుని నిలబడేవారు. ముద్దాయి పది అడుగుల దూరంలో ఉన్నాడు. వకీలు గారు గొంతు పెంచి అడిగిన మొదటి ప్రశ్నకే ఆ పిల్ల ఏడ్చింది. తర్వాత నోరు విప్పలేదు. జడ్జి గారు చెబుతుంటే టైపు చేయడం నా పని. "సాక్షి జవాబు చెప్పలేదు" అని ఆరుసార్లు కొట్టాను. కేసు కొట్టివేశారు. రికార్డు ప్రకారం అంతా సక్రమమే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

నేను రిటైరైన నాలుగేళ్లకు, 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు పోక్సో చట్టం అమలులోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు వారందరూ, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, దీని కిందకు వస్తారు. పోలీసులే పిల్ల ఇంటికి వచ్చి, యూనిఫారం లేకుండా, వీలైనంత వరకు మహిళా ఎస్సై చేత వాంగ్మూలం తీసుకోవాలి. రాత్రిపూట బిడ్డను స్టేషనులో ఉంచకూడదు. కోర్టులో ముద్దాయి బిడ్డ కంటపడకుండా తెర కట్టాలి, లేదా వీడియో ద్వారా విచారించాలి. వకీళ్లు నేరుగా ప్రశ్నించరాదు. ప్రశ్నలు జడ్జి గారికి ఇస్తే ఆయన అడుగుతారు. నమ్మకమైన మనిషి ఒకరు బిడ్డ పక్కన ఉండవచ్చు. మాటిమాటికీ కోర్టుకు పిలవరాదు.

ఇక రుజువు మాట. పసిపిల్ల సాక్ష్యం చెల్లుతుందా అని చాలామంది అడుగుతారు. చెల్లుతుంది. ప్రశ్న అర్థం చేసుకుని జవాబు చెప్పగలదా అని జడ్జి గారు ముందు చూసుకుంటారు. పన్నెండేళ్ల లోపు వారికి ప్రమాణం లేకపోయినా ఫరవాలేదు. బాధితురాలి మాట నమ్మదగినదైతే వేరే సాక్షి అక్కరలేదని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒంటి మీద గాయం లేనంత మాత్రాన నేరం జరగలేదని కాదు. 2021లో బొంబాయి హైకోర్టు, బట్టల మీద తాకితే ఈ నేరం కాదన్నప్పుడు, అదే ఏడు నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ముఖ్యమైన నేరాలలో, మూల విషయాలను ప్రాసిక్యూషను రుజువు చేశాక, తాను చేయలేదని చూపే భారం ముద్దాయి మీద పడుతుంది.

వయసు రుజువు మరో ముఖ్య సంగతి. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ తప్పుపడితే మనమెన్ని తిప్పలు పడ్డామో తెలుసు కదా! ఇక్కడా అంతే. స్కూలు సర్టిఫికెట్టు, పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన జనన పత్రం ఉండాలి. అవి లేకపోతేనే డాక్టరు పరీక్ష. ఆ కాగితాలు జాగ్రత్త చేయించండి.

మాట రాని పసికందు అయితే ఎలా? 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల బిడ్డను నిద్రలో ఎత్తుకుపోయి అఘాయిత్యం చేశాడొకడు. బిడ్డ ప్రాణం పోయింది. చూసిన బంధువుల సాక్ష్యం, వైద్య ఆధారాలు నేరాన్ని రుజువు చేశాయి. రెండు నెలలు తిరగకుండా, ఆగస్టు 8న, వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. ఉరిశిక్షను హైకోర్టు ఖాయపరచాలి గదా. నవంబరులో తెలంగాణ హైకోర్టు దానిని తుదిశ్వాస వరకు జైలుగా మార్చింది. అదే ఏడు ఆగస్టులో పోక్సో చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. పదహారేళ్ల లోపు బిడ్డపై అత్యాచారానికి కనీసం 20 ఏళ్లు. మరీ ఘోరమైన వాటికి ఉరి కూడా వేయవచ్చు. చెడుగా తాకినందుకు 3 నుంచి 5 ఏళ్లు.

అయితే ఫైలులో తీర్పు ఆఖరి కాగితం. మొదటి కాగితం ఫిర్యాదు. అది లేకపోతే ఏ జడ్జి గారూ ఏమీ చేయలేరు. ఆ మొదటి కాగితం రాకుండా ఆపేది చాలాసార్లు మనవంటి పెద్దలమే. "పరువు పోతుంది, పెళ్లి కాదు, వాడు మనవాడే" అంటాం. తెలిసీ చెప్పకపోవడం కూడా ఈ చట్టం కింద నేరమే, ఆరు నెలల వరకు జైలు. పెద్దమనుషుల రాజీ చెల్లదు. అబద్ధపు కేసు పెట్టిన పెద్దలకూ శిక్ష ఉంది, పిల్లలకు మాత్రం లేదు.

మనవరాలు వచ్చి "తాతా, ఆ మామయ్య దగ్గరికి వెళ్లను" అంటే కసరకండి. కూర్చోబెట్టుకుని వినండి. పదేపదే గుచ్చి అడగకండి. మాటలు నేర్పకండి. నేర్పిన మాట కోర్టులో నిలవదు. బట్టలు ఉతకకండి. అదే రోజు పోలీసులకో, 1098కో చెప్పండి. బిడ్డ పేరు ఎక్కడా బయట పెట్టకండి.

ఆ గుంట ఎక్కడుందో నాకు తెలియదు. ఇప్పుడు నలభై అయిదు దాటి ఉంటాయి. నేను ఆరుసార్లు టైపు చేసిన ఆ వాక్యం మన ఇళ్లలోని ఏ బిడ్డ విషయంలోనూ మళ్లీ ఎవరూ రాయనక్కర లేకుండా ఉండాలని కోరుకుంటున్నాను.