రాహేలు దుఃఖం, రంగూన్ రేవు

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట నెలకొన్నదో ఆ గురువుగారి పాండిత్యం గురించి వాల్మీకిపురం వారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. చావింట్లో వేదాంతం చెప్పేవాళ్ళను ఆయన సహించేవారు కారు. నాకు ఆయనలో అన్నిటికన్నా ప్రియమైన గుణం అదే, బాంబుదాడుల్లో చనిపోయినవాళ్ళ గురించి ఈనాటి నా వాదానికి ఆధారమూ అదే. న్యాయయుద్ధం గురించి పునీత అగస్టీను చెప్పినది, నగరాల మీద సామూహిక బాంబుదాడి తగదంటూ 1944లో యేసుసభ గురువు జాన్ ఫోర్డ్ రాసిన వ్యాసం, నగరాలకు నగరాలను విచక్షణ లేకుండా నాశనం చేయడం దేవుని పట్లా మనిషి పట్లా నేరమని 1965లో రెండవ వాటికన్ మహాసభ చేసిన ప్రకటన మీకు తెలిసినవే. దాడి పాపమన్న విషయంలో పేచీ లేదు. పేచీ అంతా చనిపోయినవాళ్ళ గురించి ఏమనాలన్న దగ్గరే. వాళ్ళు దేవుడు ఏరుకున్న బలి అనే మాట మన ప్రసంగాల్లో ఇంకా వినబడుతోంది. ఆ మాట అనకూడదని చాలాకాలంగా వాదిస్తున్నాను.

ఆ మాటకు అత్యంత గౌరవనీయమైన ఆధారం నాగసాకి. 1945 ఆగస్టు 9న అణుబాంబు ఉరకామి లోయ మీద పేలింది. అక్కడి సుమారు 12,000 మంది కతోలికుల్లో 8,500 మంది దాకా చనిపోయారు. భార్యను పోగొట్టుకున్న వైద్యుడు నగాయ్ తకాషి ఆ నవంబరు 23న, కూలిన దేవాలయం దగ్గర, వాళ్ళు లోకపాప పరిహారానికి అర్పితమైన దహనబలి అన్నారు. ఆయన దుఃఖానికి తలవంచుతాను, ఆయన సిద్ధాంతానికి మాత్రం వంచలేను. తకహాషి షింజి వంటి విమర్శకులు అది బాంబు వేసినవాళ్ళ బాధ్యతను కప్పేస్తుందన్నారు. 1981 ఫిబ్రవరి 25న హిరోషిమాలో రెండవ జాన్ పాల్ పోపుగారు యుద్ధం మనిషి చేసే పని అని తేల్చి చెప్పారు. మనిషి చేసిన పనిని దైవసంకల్పం ఖాతాలో వేస్తే నిలదీయడానికి ఎవరూ మిగలరు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. హేరోదు చంపించిన బెత్లెహేము పసిబిడ్డలు తమంతట తాము ప్రాణాలివ్వలేదు, అయినా శ్రీసభ డిసెంబరు 28న వాళ్ళను వేదసాక్షులుగా కొలుస్తున్నది కదా అంటారు. కొలుస్తున్నది, నిజమే. కానీ హేరోదు కత్తిని దేవుని చేతిలో పెట్టలేదు. పైగా మత్తయి ఆ ఘట్టంలో యిర్మీయా నుంచి తెచ్చి నిలిపింది ఓదార్పును కాదు, బిడ్డల కోసం ఏడుస్తూ ఓదార్పు వద్దన్న రాహేలును. ఈ ఊరికి పేరిచ్చిన ఆదికవి కూడా క్రౌంచపక్షి చావుకు పరమార్థం వెతకలేదు, బాణం వేసిన బోయవాణ్ణి శపించాడు. ఓదార్పే లేకపోతే మిగిలినవాళ్ళు ఎలా బతుకుతారని అడిగేవారికి నా జవాబు ఒకటే: పునరుత్థాన విశ్వాసం ఉంది. దానికి ఈ హత్యలు అవసరమయ్యాయని చెప్పనక్కరలేదు.

మన తెలుగువాళ్ళ విషయమే చూడండి. 1941 డిసెంబరు 23న, ఆ తర్వాత మళ్ళీ క్రిస్మస్ నాడు, జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మొదటి రోజు జనం దాక్కోవాలని తెలియక వీధుల్లో నిలబడి తలెత్తి విమానాలను చూశారు. బాంబు తునకలు అక్కడే వాళ్ళను కోసేశాయి. రేవు కూలీల్లో కోరంగివాళ్ళని పిలిపించుకున్న తెలుగువాళ్ళు ఎందరో. 1942 ఏప్రిల్ 6న, పాస్కా మరునాడు, విశాఖపట్నం, కాకినాడల వంతు వచ్చింది. రేవు యుద్ధలక్ష్యమే కదా అనే వాదం దాడి చేసినవాడి నేరాన్ని కొంత తగ్గిస్తుందేమో గాని, మూట మోసే కూలివాడి చావును బలిగా మార్చదు. అతనికి మనం బాకీ ఉన్నది పేరుపెట్టి చేసే ప్రార్థన. ప్రస్తుతం నేను చేస్తున్న పని అదే: కోస్తా విచారణల మరణ రిజిస్టర్లలోనూ, రంగూన్ నుంచి నడిచొచ్చిన కుటుంబాల దగ్గరా దొరికిన పేర్లు సేకరిస్తున్నాను. వాళ్ళలో ఎక్కువమంది హిందువులు. వాళ్ళ పేర్లు పూజలో చదవవచ్చునా అని కొందరు గురువులు సందేహించారు. ఎవరి విశ్వాసం దేవునికి మాత్రమే తెలుసునో ఆ మృతుల కోసం కూడా శ్రీసభ తన పూజలోనే ప్రార్థిస్తున్నది. కాబట్టి మృతుల స్మరణ దినమైన నవంబరు 2న ఆ జాబితా మొత్తం చదవాలని పీఠాలను కోరుతున్నాను. మీ ఇళ్ళలో రంగూన్ ఉత్తరాలుంటే నకళ్ళు పంపండి.