సరకు ముందా, కొనువాడు ముందా?

వాణిజ్యశాస్త్రము చదువ నారంభించిన విద్యార్థికి మొదట నెదురగు మాట మార్కెటింగు. పలువురు దీనికి అమ్మకమని యర్థము చెప్పుకొందురు. సిద్ధమైన సరకును చెల్లించుకొను నేర్పు అమ్మకము. సరకు సిద్ధము కాకమునుపే కొనువాని యక్కఱ నెఱుగుట మార్కెటింగు. అప్పు తెచ్చి దుకాణము నిండ సరకు నింపి, పిదప కొనువారికై వీథివైపు చూచుచు కూర్చుండువానిని మన మందఱము నెఱుగుదుము. వడ్డీ మాత్ర మెవరికొఱకును వేచియుండదు.

వ్యాపారముయొక్క ప్రయోజనము కొనువానిని సృష్టించుటయే యని పీటర్ డ్రక్కరు 1954లో వ్రాసెను. వర్తకుని చేతిలోని సాధనములను సరకు, వెల, లభించు స్థలము, ప్రచారము అని జెరోమ్ మెకార్తీ 1960లో నాలుగుగా విభజించెను. ఈ పేర్లు వల్లించుట సులభమే. అవి యొకదానితో నొకటి యెట్లు ముడివడియుండునో తెలియుటకు మన యిండ్లలోని యొక చిన్న సీసాను చూతము.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. పై గ్రంథములు వెలువడుటకు అఱువదియేండ్లకు మునుపటి మాట యిది. తలనొప్పి ధనికునికిని కూలివానికిని సమానమే గనుక అక్కఱను వెదకబోవలసిన పనిలేదు. కాని క్రొత్త మందును నమ్మువా రెవరు? తొలినాళ్ళలో దానిని సంగీతకచేరీలలో ఉచితముగా పంచిరి. ఈ యుపాయమును మనము నిదానించి చూడవలెను. కచేరీకి వచ్చినవారు చాలసేపు కదలక కూర్చుందురు. పూసికొన్న మందు పనిచేయునదియు లేనిదియు అచ్చటనే తేలును. దాని ఘాటైన వాసన ప్రక్కవరుసలోగూడ కొంత ప్రచారము చేసియే యుండును! ఇంటికి పోయినవారు నలుగురితో చెప్పుదురు. పెద్ద యక్షరముల ప్రకటనకంటె పొరుగింటివారి మాట బలవత్తరమని మా యభిప్రాయము.

ఉచితమనగా ఖర్చులేనిదని కాదు. ఒక ఊహాలెక్క వేయుదము. సీసా తయారీకి 6 రూపాయలు, అమ్మువెల 10 రూపాయలు, మిగులు 4 రూపాయలు. 100 మందికి తల కొక రూపాయి మందు పంచినచో వ్యయము 100 రూపాయలు. 25 సీసాలు అమ్ముడుపోయిననే గాని యది తీరదు. 100 మందిలో 25 మంది కొందురని నమ్మి కూర్చుండుట సాహసమే. 10 మంది మాత్రమే కొన్నను, వారే మరల మరల కొనినచో తలకు మూడవ సీసాతో ఆ వ్యయము తీరి 20 రూపాయలు మిగులును. కావున మొదటి యమ్మకముకంటె రెండవది ముఖ్యము. మందు గుణమీయనిచో రెండవది లేదు. గుణమిచ్చియు మఱునాడు వీథి దుకాణములో దొరకనిచో పంచినదంతయు బూడిదలో పోసిన పన్నీరే. వెల సంగతియు నిట్టిదే: తయారీ ఖర్చు దాని క్రింది హద్దును మాత్రమే చెప్పును, పై హద్దును చెప్పువాడు కొనువాడు.

ఆ సీసాల రాబడియే 1908లో బొంబాయినుండి వెలువడిన ఆంధ్రపత్రికకు అండయయ్యెను. 1914లో ఆ పత్రిక మదరాసున దినపత్రికయయ్యెను.

విద్యార్థులు ఈ వారము తమ వీథిలోని యొక దుకాణమువద్ద, యజమాని యనుమతితో, ఒక గంట నిలిచి చూతురుగాక. అమ్ముడైన వస్తువుల పట్టిక యజమానియొద్ద నుండనే యుండును. అడిగి, లేదనిపించుకొని వెడలిపోయినవా రేమేమి యడిగిరో వ్రాసికొని రావలెను.