జ్ఞాపకానికి ఆర్.డిస్. వేసేదెవరు?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై ఐదేళ్ళు టపాలు, ఫైళ్ళు చూసిన గుమాస్తాను. అయినా మనలో ఎవరిని కదిపినా "ఈ మధ్య మరుపు ఎక్కువైందండీ" అన్న మాటే వినబడుతోంది. అందుచేత, జ్ఞాపకశక్తి గురించి చదివి తెలుసుకున్న నాలుగు ముక్కలు తమకు మనవి చేస్తాను.

ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త 1929లో వియన్నాలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించగా, మరుసటి ఏడాది తొమ్మిదేళ్ళ వయసులో అమెరికా చేరుకున్నారు. వియన్నాలో గడిపిన ఆ చివరి ఏడాది అనుభవాలే తనను మనసు గురించిన పరిశోధన వైపు నడిపించి ఉంటాయని ఆయనే రాసుకున్నారు.

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అంత అడవిలో జ్ఞాపకాన్ని వెతకడం కష్టమని కాండెల్ అప్లీసియా అనే సముద్రపు నత్తను ఎంచుకున్నారు. దానికి ఉన్నవి సుమారు 20,000 నాడీకణాలే. వాటిలో కొన్ని మామూలు కంటికే కనిపిస్తాయి. ఆ నత్తను తాకితే మొప్పను ముడుచుకుంటుంది. తోకకు ఒకసారి కరెంటు షాక్ ఇస్తే, ఆ తర్వాత కాసేపు మెల్లగా తాకినా గట్టిగా ముడుచుకుంటుంది. విరామం ఇస్తూ పలుసార్లు షాక్ ఇస్తే ఆ జ్ఞాపకం రోజుల తరబడి ఉంటుంది.

ఈ రెండింటికీ తేడా ఏమిటి? మొదటి సందర్భంలో నాడీకణాల మధ్య ఉన్న సంబంధమే కొద్దిసేపు బలపడుతుంది. రెండో సందర్భంలో కణంలోని జన్యువులు పనిచేసి, కొత్త ప్రోటీన్లు తయారై, కొత్త సంబంధాలే పుట్టుకొస్తాయి. స్పర్శను తెలిపే ఒక్కో కణానికి సుమారు 1,300 కొసలు ఉండగా, ఈ శిక్షణ తర్వాత అవి సుమారు 2,700 అయ్యాయని ఆయన సహచరులు లెక్కించారు. ఈ కృషికి 2000 సంవత్సరంలో కాండెల్ గారికి మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

మన భాషలో చెప్పాలంటే మొదటిది ఎల్.డిస్. కాగితం. కొద్దికాలానికి చింపేస్తారు. రెండోది ఆర్.డిస్. ఫైలు, భద్రంగా ఉంటుంది. అయితే మన రికార్డు రూములో బీరువా అలాగే ఉండి ఫైలు మాత్రమే లోపలికి వెళ్ళేది. మెదడులో అలా కాదు. గుర్తు పెట్టుకున్నప్పుడల్లా బీరువాయే మారిపోతుంది.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. మెల్లగా తాకితే ప్రమాదం లేదని నత్తకు నేర్పడానికి, వరుసగా 40 సార్లు తాకితే ఆ పాఠం ఒక్కరోజే నిలిచింది. రోజుకు 10 చొప్పున నాలుగు రోజులు తాకితే వారాల తరబడి నిలిచింది. తాకిన లెక్క ఒకటే, విరామమే ఫలితాన్ని మార్చింది. మనిషి చదువులో కూడా విడతలవారీ అభ్యాసమే ఎక్కువకాలం నిలుస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. కనుక సెల్‌ఫోనులో పెన్షను వివరాలు చూసుకోవడం మనవడి దగ్గర ఒక్క పూటలో నేర్చుకుని, మర్నాటికి మరచిపోయి నిరాశపడనక్కరలేదు. రోజూ పది నిమిషాలు చాలు.

ఇక జబ్బు సంగతి. మా అక్కయ్యకు 84 ఏళ్ళు. అల్జీమర్స్ అని డాక్టరు గారు చెప్పారు. పొద్దున ఏం తిన్నదీ చెప్పలేదు, నన్ను చూసి "ఎవరు బాబూ నువ్వు?" అంటుంది. కానీ మల్లెపూలు ఒళ్ళో పోస్తే మాల మాత్రం చకచకా కట్టేస్తుంది. ఇది ఎలా సాధ్యమో హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ కథ చదివాక బోధపడింది. 1953లో మూర్ఛవ్యాధి తగ్గించడానికి ఆయన మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. 2008లో మరణించేదాకా కొత్త సంఘటనలేవీ ఆయనకు గుర్తుండేవి కావు. అయినా బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయిస్తే, రోజురోజుకూ చేయి మెరుగుపడింది. అంతకుముందు గీసినట్టు మాత్రం ఆయనకు తెలియదు. చేతికి వచ్చిన విద్యకు దారి వేరు. అప్పటినుంచి మేము అక్కయ్యను "నేనెవరో చెప్పు" అని పరీక్షించడం లేదు. సాయంత్రం పూలు తెచ్చి ఒళ్ళో పోస్తున్నాం. ఆ గంటసేపు ఆమె ముఖంలో బెదురు ఉండదు.

అలాగని ప్రతి మరుపూ అల్జీమర్స్ కాదు. వయసుతో వచ్చే మరుపు వేరు, ఆ జబ్బు వేరు అని కాండెల్ బృందం 2013లో ప్రకటించిన పరిశోధన కూడా బలపరిచింది. పేరు తట్టకపోయి గంట తర్వాత గుర్తుకు రావడం మామూలే. తెలిసిన వీధిలో దారి తప్పినా, అడిగిందే పదే పదే అడుగుతున్నా, డబ్బు లెక్క తెలియకపోతున్నా "ముసలితనం లెండి" అని ఊరుకోవద్దు. డాక్టరుకు చూపించండి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్, దిగులు, కొన్ని మందులు కూడా మరుపు తెస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది.

చివరగా కార్యవర్గానికి ఒక విన్నపం. మన సభ్యుల్లో సమావేశాలకు రావడం మానేసిన వారి ఇళ్ళకు నెలకొకసారైనా ఇద్దరు వెళ్ళి పలకరించే ఏర్పాటు చేయండి. పలకరిస్తే కాళ్ళనొప్పో, మరుపో తెలుస్తుంది. మరుపైతే ఇంట్లోవారికి చెప్పే పెద్దదిక్కు మనమే అవుతాం.