కంప్యూటర్ నెమ్మదించిందా? ముందు కొలవండి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఇళ్లలో ఓ పాత కంప్యూటర్ ఉంటుంది. అది నెమ్మదించగానే రెండు సలహాలు వినిపిస్తాయి. "ఫార్మాట్ చేయించండి", లేదా "కొత్తది కొనండి". మొదటిదాంతో పెన్షన్ కాగితాల నకళ్లు, మనవల ఫోటోలు పోవచ్చు. రెండోదాంతో చేతిలోని పెన్షన్ సొమ్ము పోతుంది. ఈ రెండింటికీ ముందు చేయవలసింది కొలవడం. నాడి చూడకుండా మందు రాసే వైద్యుణ్ణి మనం నమ్మం కదా!

కంప్యూటర్‌ను మన ఆఫీసుగా ఊహించుకోండి. సీపీయూ గుమాస్తా. మెమొరీ అతని బల్ల. డిస్కు రికార్డు రూము. బల్లమీది కాగితం అందడానికి సెకనులో సుమారు కోటో వంతు చాలు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీ సెకన్లు దాటుతుంది. అంటే దాదాపు 80 వేల రెట్లు ఆలస్యం.

బల్ల నిండితే ఆపరేటింగ్ సిస్టం కొన్ని ఫైళ్లను రికార్డు రూముకు పంపుతుంది. పంపిన ఫైలే మరుక్షణం మళ్లీ కావలసివస్తే? అటెండరు మోస్తూనే ఉంటాడు, గుమాస్తా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. దీన్ని థ్రాషింగ్ అంటారు. పీటర్ డెనింగ్ అనే శాస్త్రజ్ఞుడు 1968లోనే దీని కారణాలను వివరించారు. ఈ స్థితిలో ఇంకొక్క ప్రోగ్రామ్ తెరిస్తే వేగం కాస్త తగ్గడంతో ఆగదు, పని ఒక్కసారిగా స్తంభించిపోతుంది.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సీపీయూ, మెమొరీ, డిస్కు ఎంత వాడకంలో ఉన్నాయో శాతాల్లో కనిపిస్తుంది. మూడింటినీ కలిపి చదవాలి.

ఒకటి: సీపీయూ ఎంతసేపటికీ 100 దగ్గరే ఉంటే ఆ శీర్షికపై నొక్కండి. ఎక్కువగా వాడుతున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది.

రెండు: సీపీయూ దాదాపు ఖాళీగా ఉండి, మెమొరీ నిండిపోయి, డిస్కు 100 చూపిస్తే బల్ల చాలడం లేదన్నమాట. అక్కరలేని బ్రౌజర్ ట్యాబులు మూయండి. స్టార్టప్ జాబితాలో అనవసరమైనవి ఆపండి. అప్పటికీ చాలకపోతే మెమొరీ పెంచుకోవచ్చు.

మూడు: మెమొరీ ఉన్నా డిస్కు తీరిక లేకుండా ఉంటే అప్‌డేట్లో, వైరస్ తనిఖీయో నడుస్తుండవచ్చు. కొంతసేపు ఆగండి. రోజూ అదే తీరైతే డిస్కు పాడవుతోందేమో అనుమానించి, ముందు ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసుకోండి. హార్డ్ డిస్కు స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వేయిస్తే పాత యంత్రానికీ చురుకుదనం వస్తుంది.

లినక్స్ వాడేవారికి "వీఎంస్టాట్ 5" అనే ఆదేశం ఉంది. ఐదేసి సెకన్లకు ఒక వరుస ఇస్తుంది. మొదటి వరుస యంత్రం వెలిగినప్పటినుంచి సగటు, దాన్ని వదిలేయండి. తర్వాతి వరుసల్లో ఎస్‌ఐ, ఎస్‌ఓ గడుల్లో అంకెలు ఆగకుండా పెద్దవిగా వస్తుంటే మెమొరీ కొరతే.

ఒక హెచ్చరిక. మెమొరీ చాలావరకు వాడుకలో ఉండటమే జబ్బు కాదు. మళ్లీ అవసరపడతాయని ఇటీవల చదివిన ఫైళ్లను సిస్టం అందులో దాచుకుంటుంది. "మెమొరీ శుభ్రం చేస్తాం" అనే ప్రోగ్రాములు దాచినదాన్ని తోసేస్తే, మళ్లీ రికార్డు రూముకు పరుగే.

అన్నిటికన్నా ముఖ్యం, బాగా నడుస్తున్న రోజునే ఆ అంకెలు డైరీలో రాసిపెట్టుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి మళ్లీ కొలవండి. నాలుగు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అయితే వేగం వేరు, భద్రత వేరు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బ్యాంకు పనులు చేసేవారు ఆ సంగతి విడిగా చూసుకోవాలి.

లెక్క చూడనిదే బిల్లు పాస్ చేయని ఉద్యోగులం మనం. దుకాణదారు సలహాకూ అదే నియమం వర్తింపజేద్దాం.