రోగి నమ్మకము – నర్సు పరిచర్య

(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగము)



మన సంఘములనుండి ఎందరో నర్సులు బయలుదేరిరి. వారిలో కొందరు ఈ వేళ ఇక్కడనే కూర్చొనియున్నారు. వారితో ఒక మాట చెప్పవలెను. అది మేము తప్పు చేసి నేర్చుకొన్న మాట.

మేము ఒక ఆసుపత్రిలో చాప్లెయినుగా ఉన్న దినములలో, విరేచనములతో వాడిపోయిన రెండేండ్ల బిడ్డను తెచ్చిరి. మెడలో తాయెత్తు. సెలైను పెట్టవచ్చిన నర్సు దానిని కత్తిరించి చెత్తబుట్టలో వేసినది. తల్లి మా వంక చూచినది. మేమో, నర్సును మెచ్చుకొంటిమి! తెల్లవారుసరికి మంచము ఖాళీ. మూడవ దినమున ఆ పల్లెకు వెళ్ళితిమి. అప్పటికే బిడ్డను పూడ్చిపెట్టిరి. సూది గుచ్చినది చేతికి గదా, మెడలోని దారము దేనికి అడ్డము వచ్చినది?

అన్నిటిని ఊరకుండి చూడుమని మేము చెప్పుట లేదు. కామెర్లకు వాత పెట్టుట, బొడ్డుపై పేడ వేయుట, ముర్రుపాలు పిండి పారబోయుట – వీటిని ఆపవలసినదే. పేడవలన ధనుర్వాతము వచ్చి పసికందులు పోవుదురు. కాని అమ్మవారు పోసిన ఇంట గుమ్మమునకు కట్టిన వేపరెమ్మ ఎవరికి కీడు చేసినది? అది చూచి ఇరుగుపొరుగువారు లోపలికి రారు. అంటురోగమునకు అదియు మేలే.

బాలింతకు దాహమునకు నీళ్లియ్యని ఒక అత్తగారితో పెద్ద సిస్టరుగారు వాదమునకు దిగలేదు. "పెద్దమ్మా, చన్నీళ్లు వద్దన్నావు, మంచిది. వాము వేసి కాచి, గోరువెచ్చగా నువ్వే తాగించు" అన్నది. ఆ ముసలమ్మ రోజంతయు తాగించినది.

ఇది విగ్రహారాధనకు తల వంచుట కాదా అని అడుగుదురు. నయమాను స్వస్థపడిన తరువాత కూడ, తన రాజుతో రిమ్మోను గుడిలో వంగవలసివచ్చునని చెప్పుకొనెను. ఎలీషా అతనిని గద్దించక సమాధానముతో పంపెను. మన రోగుల తలగడ క్రింద బైబిలును, ప్రార్థన నూనె సీసాను ఎవరైన తీసి పారవేసిన మనము ఊరకుందుమా?

ఆపరేషనుకు తాయెత్తు తీయవలసివచ్చిన, తల్లిచేతనే విప్పించి ఆమె చేతికే ఇయ్యుడి. ఇంటివద్ద ఏ పసరు పోసిరో మెల్లగా అడుగుడి. కసరిన యెడల దాచుదురు. బిడ్డ కడుపులో ఏమి పడినదో డాక్టరుగారికి తెలియకుండ పోవును.