బొంతల మధ్య రికార్డింగ్

రుహాన్ అర్షద్ పాడిన ర్యాప్ పాట ‘మియా భాయ్’ యూట్యూబ్‌లో దుమ్ము రేపింది. హైదరాబాద్ పాతబస్తీ యాసకు ఇంత గిరాకీ ఉందా అని చాలామంది అప్పుడే ఆశ్చర్యపోయారు. గొంతు ఉండీ స్టూడియో అద్దె కట్టలేని పిల్లలు ఆ గల్లీల్లో ఇంకా ఎందరో. వాళ్లకు నేను చెప్పేదొకటే, మైకు మీరే చేసుకోండి.

కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రెట్ మైకు బిళ్ల కొద్ది రూపాయలకే దొరుకుతుంది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. వెనక రెండు టంకం చుక్కలు. బయటి రేకుతో కలిసి ఉన్నది గ్రౌండు, రెండోది శబ్దం వచ్చే దారి. షీల్డు వైరే వాడండి, లేకపోతే కరెంటు గుయ్యిమంటుంది. నాలుగు భాగాల హెడ్‌ఫోన్ పిన్నుకు కలిపితే బిళ్లకు కావలసిన వోల్టేజీ ఫోనే ఇస్తుంది.

మైకు కన్నా గది ముఖ్యం. ఉత్త సిమెంటు గోడల మధ్య ఎంత మంచి గొంతైనా గింగురుమంటుంది. గోడకు నాలుగు వేళ్ల ఎడంగా బొంతలు వేలాడదీయండి, ఫ్యాను ఆపండి. మర్ఫా డప్పులు వాయిస్తుంటే మాత్రం మైకు ఐదారడుగుల దూరంలో ఉండాలి. దగ్గర పెడితే దెబ్బదెబ్బకీ శబ్దం పగిలిపోతుంది. యెమెన్ నుంచి, ఆఫ్రికా నుంచి నిజాం కొలువుకు వచ్చినవారి వాద్యం ఈ మర్ఫా, ఈ నగరపు పెళ్లి ఊరేగింపుల ప్రాణం. మీ ఇంట్లో, మీ గల్లీలో దాన్ని వాయించే పెద్దలుంటే ముందుగా వాళ్లనే రికార్డు చేయండి.